29 దేశాల పోలీసులకు జాబితా ఒకటే అయితే, వాళ్ళను నిలదీసే పార్లమెంటు ఏది?

ప్రశ్న క్లుప్తంగా: జమ్మికుంట నుంచి ఒకరు అడిగారు. వాళ్ళ తమ్ముడు యూరప్‌లో ఎమ్మెస్ చదివి, అక్కడే చిన్న ఉద్యోగంలో చేరి, ఇంట్లో పెళ్ళికని వచ్చాడు. తిరిగి వెళ్తుంటే, చదివిన దేశంలో కూడా కాదు, దారిలో దిగిన ఇంకో దేశం ఎయిర్‌పోర్టులో ఆపేశారు. ఒక రాత్రి కూర్చోబెట్టి మళ్ళీ హైదరాబాద్ పంపించారు. "ఒక దేశం పేరు ఎక్కిస్తే 29 దేశాలు తలుపులు వేసేస్తాయా? ఇంతమంది పోలీసులు కలిసి పనిచేస్తుంటే వీళ్ళ మీద అజమాయిషీ ఏ పార్లమెంటుది? మా ఎంపీ గారితో లెటర్ రాయిస్తే పని అవుతుందా?" అన్నది ఆయన ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఏ ఒక్క పార్లమెంటుకూ పూర్తి అజమాయిషీ లేదు. యూరోపియన్ పార్లమెంటు చేతిలో చట్టం, డబ్బు, పెద్ద అధికారులను పిలిచి అడిగే హక్కు ఉన్నాయి. ఒక్కో దేశం పార్లమెంటు తన హోం మంత్రిని నిలదీయగలదు. కానీ మీ తమ్ముడి ఫైలు తెరిచి చూసే అధికారం ఈ రెండింటికీ లేదు. దాని కోసం పేరు ఎక్కించిన దేశాన్ని, అక్కడి డేటా రక్షణ సంస్థను, అదీ కాకపోతే కోర్టును పట్టుకోవాలి. ఎంపీ లెటర్ వల్ల మన రాయబార కార్యాలయం కాస్త తొందరగా కదులుతుంది. జాబితాలో పేరు మాత్రం పోదు.

నేను హన్మకొండ కోర్టులో ఇరవై రెండేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి వచ్చినవి గల్ఫ్ కేసులే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి పాస్‌పోర్టు లాక్కున్నారనో, అక్కడ జైల్లో పెట్టారనో వచ్చేవాళ్ళు. ఈ ఏడెనిమిదేళ్ళుగా యూరప్‌లో చదివే పిల్లల తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. అక్కడి కోర్టుల్లో నేను నిలబడలేను. అక్కడి లాయర్లతో కలిసి కాగితాలు తయారు చేస్తాను. కాబట్టి కింద రాసేది ఆ కాగితాల మధ్య నేర్చుకున్నదే.

ముందు ఒక కాగితం గురించి చెప్తాను, ఎందుకంటే మీ మొత్తం ప్రశ్నకు మొదలు అక్కడే ఉంది.

కొన్నాళ్ళ క్రితం కాజీపేట నుంచి రైల్వేలో రిటైరైన ఒకాయన వచ్చారు. పెళ్ళిపత్రికల కవరులో మడతపెట్టిన రెండు షీట్లు, కొడుకు పాస్‌పోర్టు తీసి టేబుల్ మీద పెట్టారు. పాస్‌పోర్టులో ఎంట్రీ స్టాంపు ఉంది. దాని మీద నల్ల ఇంకుతో అడ్డంగా ఇంటూ గుర్తు. స్టాంపు పక్కన కుడివైపు చేత్తో రాసిన ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, హెచ్. "సార్, మావోడు తాగలే, కొట్లాడలే. గీ అక్షరం ఎందుకు రాసిండ్రో ఎవ్వలు చెప్తలేరు" అన్నారు.

ఆ అక్షరం ఏమిటో ఆ షీట్లలోనే ఉంది. షెంగెన్ దేశాలన్నీ (అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న, మీరు చెప్పిన ఆ 29 దేశాలు) సరిహద్దులో వెనక్కి పంపేటప్పుడు ఇచ్చే ఫారం ఒకటే. అందులో ఒక్కో కారణానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరంతో గడి ఉంటుంది. ఎ అంటే సరైన పాస్‌పోర్టు లేదు. సి అంటే వీసా లేదు. ఎఫ్ అంటే అనుమతించిన 90 రోజులూ అయిపోయాయి. జి అంటే ఖర్చులకు డబ్బు చూపించలేదు. హెచ్ అంటే మాత్రం ఆ మనిషి చేతిలో ఉన్న కాగితాలతో సంబంధం లేదు. అతన్ని రానివ్వొద్దని ఎవరో ముందే జాబితాలో పెట్టారని అర్థం. ఆ గడిలోనే మళ్ళీ రెండు చిన్న ఎంపికలు: ఒకటి షెంగెన్ ఉమ్మడి జాబితా, రెండోది ఆ దేశం సొంత జాబితా. చాలామంది టిక్కు చూసి ఆగిపోతారు, ఈ చిన్న ఎంపికను చూడరు. సొంత జాబితా అయితే గొడవ ఒక్క దేశంతోనే. ఉమ్మడి జాబితా అయితే పేరు ఎక్కించింది ఏ దేశమో ముందు తేల్చుకోవాలి. (2025 అక్టోబరు 12 నుంచి యూరప్‌లో రాకపోకలను కంప్యూటర్‌లో, వేలిముద్రలతో నమోదు చేసే పద్ధతి మొదలైంది. స్టాంపులు పోతున్నాయి. కాబట్టి ఇకపై పాస్‌పోర్టులో ఆ అక్షరం కోసం వెతకొద్దు, ఫారమే చూడండి.)

ఆ ఉమ్మడి జాబితా పేరు షెంగెన్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, ఎస్‌ఐఎస్ అంటారు. పోయిన కార్లు, దొంగిలించిన పాస్‌పోర్టులు, తప్పిపోయిన పిల్లలు, అరెస్టు వారెంట్లు, రానివ్వకూడని విదేశీయులు, అన్నీ అందులోనే. ఒక దేశం ఎక్కించగానే మిగతావాళ్ళ కౌంటర్లలో కనిపిస్తుంది. 2023 మార్చిలో కొత్తగా మార్చిన ఎస్‌ఐఎస్ మొదలయ్యాక, దేశం విడిచి వెళ్ళాలని విదేశీయులకు ఇచ్చే ఉత్తర్వులు కూడా ఇందులోకి వచ్చాయి. అందుకే ఈ మధ్య విద్యార్థుల కేసులు పెరిగాయని నా అనుమానం. అది నా దగ్గరికి వచ్చే జనాన్ని చూసి చెప్తున్న మాట, లెక్కగా తీసుకోకండి.

ఇందులో అసలు సూత్రం ఒక్కటే: ఎక్కించినవాడే దించాలి. ఎయిర్‌పోర్టులో మీ తమ్ముడిని ఆపిన ఆఫీసర్‌కు జాలి కలిగినా ఆ ఎంట్రీని తీసేయలేడు. ఆ దేశం హోం మంత్రి కూడా తీసేయలేడు. ఒక్కో దేశంలో సిరీన్ అనే ఆఫీసు ఉంటుంది. ఒకరి ఎంట్రీ గురించి ఇంకొకరు అడగాలంటే ఆ ఆఫీసుల ద్వారానే అడుగుతారు.

మీరు అడిగిన జవాబుదారీతనం చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే సిరోంచ, అంటే మహారాష్ట్ర. ఇవతల భూపాలపల్లి జిల్లా పోలీసులు, అవతల గడ్చిరోలి జిల్లా పోలీసులు. ఇద్దరూ కలిసి తనిఖీ చేసి ఒక అమాయకుడిని పట్టుకున్నారనుకోండి. మన అసెంబ్లీలో అడిగితే "పట్టుకున్నది అవతలి ఒడ్డున" అంటారు. ముంబైలో అడిగితే "సమాచారం ఇచ్చింది తెలంగాణ" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, అయినా జవాబు రాలేదు. అయితే మనకు రెండు ఒడ్డుల మీదా ఒకే రాజ్యాంగం, పైన ఒకే సుప్రీంకోర్టు ఉన్నాయి. యూరప్‌లో 29 ఒడ్డులు, 29 హోం మంత్రులు. పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు.

మొదట్లో పార్లమెంట్లను అసలు దగ్గరికే రానివ్వలేదు. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే ఊరి దగ్గర, మోసెల్ నది మీద ఒక పడవలో ఐదు దేశాలు సంతకాలు చేశాయి. ఎలా అమలు చేయాలో చెప్పే ఒప్పందం 1990లో వచ్చింది, సరిహద్దుల్లో తనిఖీలు నిజంగా ఎత్తేసింది 1995 మార్చిలో. ఆ మధ్యకాలంలో నియమాలన్నీ రాసింది మంత్రులు, అధికారులు కూర్చున్న ఒక కార్యనిర్వాహక కమిటీ. అది తలుపులు మూసుకునే పనిచేసింది. చాలా దేశాల పార్లమెంట్లకు సంతకం అయ్యాకే కాగితం చేరేది. ఈ విషయంలో నాకు నచ్చింది నెదర్లాండ్స్. మా మంత్రి ఆ కమిటీలో చెయ్యి ఎత్తే ముందు ముసాయిదా మా ముందు పెట్టాలి, మేం సరే అంటేనే ఒప్పుకోవాలి అని అక్కడి పార్లమెంటు ఒప్పందాన్ని ఆమోదించే చట్టంలోనే రాయించుకుంది. మిగతావాళ్ళలో చాలామంది అలా రాయించుకోలేదు. 1999 మేలో ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం అమలయ్యాక షెంగెన్ మొత్తం యూరోపియన్ యూనియన్ చట్టం కిందికి వచ్చింది. యూరోపియన్ పార్లమెంటుకు కొంత కొంతగా మాట చెల్లడం అప్పటి నుంచే.

అయినా అలవాటు పోలేదు. 2005లో జర్మనీలోని ప్రూమ్ అనే ఊళ్ళో ఏడు దేశాలు మళ్ళీ విడిగా కూర్చుని, డీఎన్‌ఏ, వేలిముద్రలు, వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలు ఒకరివి ఒకరు వెతుక్కునేలా ఒప్పందం రాసుకున్నాయి. మూడేళ్ళకు అందులో ముఖ్యమైన భాగమంతా యూనియన్ చట్టం అయింది. యూరోపియన్ పార్లమెంటును సలహా అడిగారు, అంతే. ముందు నలుగురు కలిసి చేసేసి, తర్వాత అందరి నెత్తినా పెట్టడం పోలీసు సహకారంలో పాత పద్ధతి.

ఇలాంటి వాటిలో చాలావాటికి యూరోపియన్ పార్లమెంటు సమ్మతి తప్పనిసరి చేసిన లిస్బన్ ఒప్పందం 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చాక లెక్క మారింది. రెండు నెలలకే దానికి రుజువు దొరికింది. యూరప్ జనం బ్యాంకుల ద్వారా పంపే డబ్బు వివరాలను ఉగ్రవాద దర్యాప్తు పేరుతో అమెరికాకు ఇచ్చే తాత్కాలిక ఒప్పందాన్ని మంత్రులు ఒప్పేసుకున్నారు. 2010 ఫిబ్రవరి 11న యూరోపియన్ పార్లమెంటు దాన్ని 378–196 ఓట్లతో కొట్టేసింది. వాషింగ్టన్ నుంచి పెద్ద పెద్దవాళ్ళు ఫోన్లు చేసినా ఆగలేదు. నా దృష్టిలో ఈ రంగంలో పార్లమెంటు నిజంగా పళ్ళు చూపించిన రోజు అదే. కాకపోతే తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆ ఏడాది జులైలోనే సవరించిన ఒప్పందాన్ని ఆమోదించారు. అమెరికా అడిగేది సబబుగా ఉందా లేదా చూసే పని యూరప్ ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్‌కు అప్పగించారు. అంటే పోలీసులు అడిగేదాన్ని తనిఖీ చేసేది కూడా పోలీసులే. మరుసటి ఏడాది డేటా పర్యవేక్షణ బృందం ఇచ్చిన నివేదిక ప్రకారం, అమెరికా పంపిన అభ్యర్థనలు ఒకే మూసలో ఉన్నాయి, వివరాలు నోటిమాటగా చెప్పారు, యూరోపోల్ సరే అనేసింది.

ఈ యూరోపోల్ ఉండేది హేగ్‌లో. అది తానుగా ఎవరినీ అరెస్టు చేయదు. దేశాల నుంచి సమాచారం తీసుకుని, కలిపి, తిరిగి పంచుతుంది. దీని మీద నిఘాకు ఉమ్మడి పార్లమెంటరీ పరిశీలన బృందం ఒకటి ఉంది. 2016 నాటి యూరోపోల్ చట్టం కింద ఏర్పడి, 2017 అక్టోబరులో మొదటిసారి కూర్చుంది. ఒక్కో దేశం పార్లమెంటు నుంచి నలుగురి దాకా, యూరోపియన్ పార్లమెంటు నుంచి పదహారు మంది దాకా. ఏడాదికి రెండుసార్లు సమావేశం. డైరెక్టర్‌ను పిలుస్తారు, ప్రశ్నలు అడుగుతారు, కాగితాలు తెప్పించుకుంటారు. డైరెక్టర్‌ను తీసేయలేరు, బడ్జెట్ ఆపలేరు, ఒక ఆపరేషన్ వద్దని చెప్పలేరు. వందమందికి పైగా సభ్యులు ఏడాదికి రెండుసార్లు కలిస్తే ఒక్కొక్కరికి మైకు ఎంతసేపు దొరుకుతుందో మీరే లెక్క వేసుకోండి. మన జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ బృందం ఉండగానే ఏం జరిగిందో చూడండి. ఏ నేరంతోనూ సంబంధం ఉన్నట్టు తేలని మనుషుల వివరాలు కూడా యూరోపోల్ దగ్గర గుట్టలుగా పేరుకుపోయాయి. దాన్ని పట్టుకున్నది ఎంపీలు కాదు, యూనియన్ సంస్థల మీద కన్నేసి ఉంచే డేటా రక్షణ పర్యవేక్షకుడు. 2022 జనవరి 3న ఆయన ఉత్తర్వు ఇచ్చారు: కొత్తగా వచ్చే వివరాలను ఆరు నెలల్లో వడపోయాలి, సంబంధం లేనివి చెరిపేయాలి. ఆరు నెలలు కూడా కాకముందే, అదే ఏడాది జూన్ 28న, యూరోపోల్ చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. పాత గుట్టను ఉంచుకోవడానికి దారి దొరికింది. ఆ సవరణకు ఓటేసిన సభల్లో యూరోపియన్ పార్లమెంటు ఒకటి! పర్యవేక్షకుడు కోర్టుకు వెళ్తే, 2023 సెప్టెంబరులో ఆ కేసు విచారణకే అర్హం కాదని కొట్టేశారు. పార్లమెంటు అజమాయిషీ అనగానే పౌరుడి తరఫున నిలబడే పెద్దమనిషి అని అనుకుంటాం. పోలీసులు అడిగిన సౌకర్యాన్ని చట్టంగా రాసిచ్చేది కూడా ఆ పెద్దమనిషే. నా క్లయింట్లకు ఈ సంగతి ముందే చెప్తాను, లేకపోతే ఎంపీలకు ఈ-మెయిళ్ళు పెడుతూ అప్పీలు గడువు దాటేసుకుంటారు.

ఫ్రాంటెక్స్ సంగతి వేరు. అది వార్సాలో ఉన్న సరిహద్దు కాపలా సంస్థ. 2019 చట్టం ప్రకారం 2027 నాటికి పదివేల మంది బలగం ఉండాలి. సముద్రంలో శరణార్థుల పడవలను వెనక్కి నెట్టేస్తుంటే ఫ్రాంటెక్స్ చూస్తూ ఊరుకుందని ఆరోపణలు వచ్చాయి. అడిగితే సంస్థేమో "ఆపరేషన్ కమాండ్ ఆతిథ్య దేశానిది" అంది, ఆ దేశమేమో అసలేం జరగలేదు అంది. మళ్ళీ మన సిరోంచ కథే. 2021లో యూరోపియన్ పార్లమెంటు పౌరహక్కుల కమిటీ ఒక పరిశీలన బృందాన్ని వేసింది. జులైలో నివేదిక వచ్చింది: ఫ్రాంటెక్స్ స్వయంగా నెట్టేసినట్టు గట్టి ఆధారం లేదు, కానీ హక్కుల ఉల్లంఘన జరుగుతోందని తెలిసీ ఆపలేదు.

నివేదికతో ఏమీ కాదు. పని చేసింది డబ్బు. అక్కడ ఏటా లెక్కలు చూసి, సక్రమంగా ఖర్చుపెట్టారు అని పార్లమెంటు ముద్ర వేయాలి. మన దగ్గర కాగ్ నివేదిక మీద ప్రజాపద్దుల కమిటీ కూర్చున్నట్టు అనుకోండి, కానీ అక్కడ మొత్తం సభ ఓటేస్తుంది. 2021లో ముద్ర వేయడం ఒకసారి వాయిదా వేశారు. అక్టోబరులో వేసినా, మరుసటి ఏడాది బడ్జెట్‌లో 12 శాతం, సుమారు 9 కోట్ల యూరోలు, పక్కన పెట్టాలన్నారు. అవినీతి నిరోధక విభాగం దర్యాప్తు నివేదిక కూడా వచ్చాక, 2022 ఏప్రిల్ చివర్లో డైరెక్టర్ ఫాబ్రిస్ లెజెరి రాజీనామా చేశారు. అక్టోబరులో 2020 లెక్కలకు ముద్ర వేయనే లేదు. చట్టప్రకారం చూస్తే దీనివల్ల జీతాలు ఆగవు, కార్యాలయం మూతపడదు. కానీ కుర్చీలో ఉన్నవాడికి అది పోలీస్ స్టేషన్‌లో ఫొటో పెట్టినంత పరువు నష్టం. కొసమెరుపు ఏమిటంటే, ఆ లెజెరి గారే 2024 ఎన్నికల్లో ఫ్రాన్స్ నుంచి గెలిచి ఇప్పుడు అదే పార్లమెంటులో సభ్యుడు.

స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ షెంగెన్‌లో ఉన్నాయి కానీ యూనియన్‌లో లేవు. వాళ్ళకు యూరోపియన్ పార్లమెంటులో ఒక్క ఎంపీ కూడా లేడు. నియమాలు మాత్రం వర్తిస్తాయి.

సరిహద్దు తనిఖీల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి మీదా తనిఖీలు పెట్టింది. ఇవి తాత్కాలికం అంటూ పొడిగించడమే ఆనవాయితీ అయింది. ఒక ఆస్ట్రియా కేసులో 2022 ఏప్రిల్ 26న యూరోపియన్ న్యాయస్థానం, అప్పటి చట్టం ప్రకారం అదే ముప్పు పేరు చెప్పి ఆరు నెలలు దాటి పొడిగించడం కుదరదంది. ఆ కేసు వేసింది సరిహద్దులో పాస్‌పోర్టు చూపించనని జరిమానా పడ్డ ఒక మామూలు మనిషి.

ఇప్పుడు మన వైపు. నిజం చెప్పాలంటే యూరప్‌ను తిట్టే హక్కు మనకు తక్కువ. పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉంది. విదేశీ ఒప్పందాలు, నేరస్తుల అప్పగింత, వలస, పాస్‌పోర్టులు కేంద్ర జాబితాలో ఉన్నాయి. కేంద్రం ఒక దేశంతో ఒప్పందం చేసుకోవాలంటే పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. ఆ ఒప్పందాన్ని అమలు చేయడానికి చట్టం అవసరమైతేనే 253వ అధికరణం కింద పార్లమెంటు దగ్గరికి వస్తారు. 1962 నాటి నేరస్తుల అప్పగింత చట్టం కింద నోటిఫై చేసిన ఉత్తర్వులను సభ ముందు పెడతారు. పెట్టేది అన్నీ అయ్యాకే.

పరిశీలించాల్సిన స్థాయీ సంఘాలు కూడా మూడు ముక్కలుగా ఉన్నాయి. ఇమిగ్రేషన్ హోం వ్యవహారాల సంఘం కిందికి వస్తుంది. రాయబార కార్యాలయాలు విదేశీ వ్యవహారాల సంఘం కిందికి. ఇంటర్‌పోల్‌తో మాట్లాడేది సీబీఐ, అది సిబ్బంది, న్యాయ వ్యవహారాల సంఘం కిందికి. ఇంటర్‌పోల్‌లో 196 దేశాలు ఉన్నాయి, దాని మీద ఏ పార్లమెంటూ లేదు. దాని ఫైళ్ళను సరిచూసేది లియోన్‌లోని సొంత కమిషన్ ఒక్కటే. బ్యాంకు మోసం కేసు నిందితుడు మెహుల్ చోక్సీ మీద మన దేశం కోరిన రెడ్ నోటీసును (కనిపిస్తే పట్టుకోమని అన్ని దేశాలకూ పంపేది) తీసేసింది ఆ కమిషనే. సీబీఐని 2011లో సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. అవినీతి, మానవహక్కుల ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రం మినహాయింపు. ఇంటెలిజెన్స్ బ్యూరోకైతే పార్లమెంటరీ కమిటీయే లేదు. దాని కోసం 2011లో ఎంపీ మనీశ్ తివారీ ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

అలా అని ఎంపీ దగ్గరికి వెళ్ళొద్దని కాదు. ఎలా వెళ్ళాలో తెలిసి వెళ్ళండి. "మా తమ్ముడికి న్యాయం చేయండి" అని రాయించిన లెటర్ మంత్రిత్వ శాఖలో ఒక రసీదు నంబరు అవుతుంది. అదే లోక్‌సభలో రాతపూర్వక జవాబు కోరే ప్రశ్నగా పెట్టిస్తే శాఖ లెక్క చెప్పాలి: ఇన్నేళ్ళలో ఎంతమంది భారతీయ విద్యార్థులను ఫలానా కారణంతో వెనక్కి పంపారు, ఎన్ని కేసుల్లో రాయబార కార్యాలయం అడిగింది, ఎన్నిటికి జవాబు వచ్చింది. రోజుకు 230 దాకా అలాంటి ప్రశ్నలకు చోటు ఉంటుంది కాబట్టి అవకాశం తక్కువేమీ కాదు.

ఇంకో కిటుకు. మంత్రి జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంటే సంతోషించండి. అది హామీ కిందికి వస్తుంది. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని రిజిస్టర్‌లో రాసుకుని వెంటపడుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి. గల్ఫ్ జైళ్ళలో ఉన్నవాళ్ళ వివరాల కోసం మేము ఒకసారి ఇలాగే చేయించాం. మూడు నెలలు పద్నాలుగు నెలలు అయ్యాయి, కానీ పేజీన్నర పట్టిక వచ్చింది. అంతకుముందు నాలుగేళ్ళు రాసిన లెటర్లకు రానిది అది.

మీ తమ్ముడి పని విషయానికి వస్తే, ముందు ఆ ఫారం వెనకవైపు అప్పీలు గడువు ఎంత రాశారో చూడండి. అప్పీలు వేసినంత మాత్రాన మళ్ళీ వెళ్ళడానికి వీలుండదు, అయినా వేయాలి. దాంతోపాటే ఎస్‌ఐఎస్‌లో తన గురించి ఏముందో చెప్పమని దరఖాస్తు పెట్టాలి. షెంగెన్‌లో ఏ దేశానికైనా పెట్టొచ్చు, కానీ చదివిన దేశం మీద అనుమానం ఉంటే నేరుగా అక్కడికే పెట్టండి. జర్మనీ అయితే వీస్‌బాడెన్‌లోని ఫెడరల్ క్రిమినల్ పోలీస్ ఆఫీసు చూస్తుంది. సంతకం చేసిన దరఖాస్తు, పాస్‌పోర్టు కాపీ చాలు, ఫీజు ఉండదు. జవాబు రాకపోయినా, తప్పుగా వచ్చినా అక్కడి డేటా రక్షణ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. కోర్టుకు కూడా వెళ్ళొచ్చు, తీసేయించమని అడగొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. ఎంట్రీ ఇంకా అవసరమా లేదా అని సాధారణంగా మూడేళ్ళలోపు వాళ్ళే తిరిగి చూడాలన్న నిబంధన ఉంది, దాన్ని కూడా దరఖాస్తులో గుర్తుచేయండి.

పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తది తీసుకుని ఇంకో దేశం గుండా వెళ్దామని ఎవరైనా చెప్తే వినకండి. వేలిముద్రలు మారవు. "ఎస్‌ఐఎస్ క్లియరెన్స్" చేయిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు హైదరాబాద్ నుంచి ఇప్పుడు హన్మకొండ దాకా వచ్చేశారు. ఉచితంగా పెట్టే దరఖాస్తునే వాళ్ళూ పెడతారు, అది కూడా తప్పులతో.

కాజీపేట అబ్బాయి సంగతి అడుగుతారేమో. అతను మధ్యలో యూనివర్సిటీ మారాడు. పాత యూనివర్సిటీ "చదువు మానేశాడు" అని విదేశీయుల ఆఫీసుకు రాసింది. ఆ ఆఫీసు పర్మిట్ రద్దు చేసి, దేశం విడిచి వెళ్ళాలన్న ఉత్తర్వును పాత అద్దె గది అడ్రసుకు పంపింది. కార్డు మీద మాత్రం ఇంకో ఏడాది గడువు కనిపిస్తూనే ఉంది, అందుకే ఎయిర్‌లైన్స్ వాళ్ళు కూడా ఎక్కించుకున్నారు. ఉత్తర్వు అందలేదని రుజువు చేయడానికి పనికొచ్చింది కొత్త అడ్రసు నమోదు చేసుకున్నప్పుడు టౌన్ ఆఫీసు ఇచ్చిన ఒక చిన్న చీటీ. అది అతని పాత సూట్‌కేసు జేబులో దొరికింది. పదకొండు నెలలకు పేరు తీసేశారు. అప్పటికి ఉద్యోగం పోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్నాడు.

కాబట్టి మీ తమ్ముడిని ఇల్లు మారినప్పటి కాగితాలన్నీ వెతకమనండి. ఫారంలో ఏ గడిలో టిక్కు ఉంది, హెచ్ అయితే అందులో ఉమ్మడి జాబితానా సొంత జాబితానా, ఫారం మీద తేదీ ఏమిటి, ఈ మూడూ ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. పాస్‌పోర్టు నంబరు, ఫొటో మాత్రం పెట్టకండి.